అమ్మ కాలి నరాలకు ఒకరు ఆర్‌ఎఫ్ అంటున్నారు, ఒకరు లేజర్ అంటున్నారు. ఆ వేడి లోపల ఏం చేస్తుంది?

శిరీష, తెనాలి:

నమస్కారం. మా అమ్మకి 57 ఏళ్ళు. మార్కెట్ దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పెనం ముందు నిలబడితే మళ్ళీ కూర్చునేది పదకొండు దాటాకే. ఏళ్ళ తరబడి ఇదే పని. ఎడమ కాలికి తొడ లోపలి వైపు నుంచి పిక్క దాకా నరాలు మెలికలు తిరిగి ఉబ్బిపోయాయి. సాయంత్రానికి చీలమండ వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఇన్నాళ్ళూ వయసుతో వచ్చేదేలే అని ఊరుకుంది. పోయిన వానాకాలం నుంచి చీలమండ పైన లోపలి వైపు చర్మం నల్లబడి గట్టిపడింది. రాత్రిళ్ళు దురద. గోకిన చోట నీరు కారుతోంది. అది చూశాక నేనే పట్టుబట్టి స్కాన్‌కి తీసుకెళ్ళాను.

డాప్లర్ రిపోర్టులో ఉన్నది ఇది: ఎడమ గ్రేట్ సఫీనస్ వెయిన్ 9 మిల్లీమీటర్లు, గజ్జల దగ్గర జంక్షన్ నుంచి మోకాలి కింద దాకా రిఫ్లక్స్ (రక్తం వెనక్కి జారడం), 3 సెకన్లు. డీప్ వెయిన్స్ నార్మల్.

గుంటూరులో చూపిస్తే ఆర్‌ఎఫ్, అంటే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు వేడితో చేద్దామన్నారు. విజయవాడలో ఇంకొకరికి చూపిస్తే 1470 నంబరు లేజర్ చేద్దాం, ఇప్పుడు అదే కొత్తది అన్నారు. ఖర్చులో దాదాపు పదిహేను వేలు తేడా. ఇద్దరూ నరాన్ని లోపలి నుంచి వేడితో మూసేస్తామనే చెప్పారు. చుట్టూ ఉన్న కండకి, చర్మానికి ఏమవుతుందని అడిగితే "ఏం కాదమ్మా" అన్నారు తప్ప ఎందుకు కాదో చెప్పలేదు.

అమ్మ భయం వేరు. "కాలి లోపల నిప్పు పెట్టించుకుని మళ్ళీ పెనం ముందు ఎట్టా నిలబడతానే" అంటోంది. నరం కాల్చేస్తే కాలు చచ్చుబడిపోతుందని మా మేనమామ ఫోన్ చేసి మరీ చెప్పాడు. పైగా ఉన్న నరం మూసేస్తే రక్తం ఎటు పోతుంది? తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా రాయండి. అమ్మకి నేను చదివి వినిపించాలి.

కుట్టుమిషన్, విజయవాడ:

అమ్మా శిరీషా, నేను టైలర్ని. రెండు కాళ్ళకీ చేయించుకున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

కుడికాలికి 2010లో లేజర్ చేశారు. ఆసుపత్రి పేరు అనవసరం. అప్పుడు వాడింది 980 అని డిశ్చార్జి కాగితంలో ఉంది. ఆపరేషన్ టేబుల్ మీద నొప్పి లేదు. మూడో రోజుకి తొడ లోపలి వైపంతా వంకాయ రంగులో కమిలిపోయింది. కాలు చాపితే లోపల తాడు పట్టి లాగినట్టు ఉండేది. మిషన్ తొక్కడానికి పది పన్నెండు రోజులు పట్టింది. ఆ లేజర్‌ని చీలమండ దాకా తీసుకెళ్ళారు. మోకాలి కింద లోపలి వైపు అరచేయంత మేర ఇప్పటికీ స్పర్శ తక్కువే. నడకకి ఇబ్బంది లేదు, సబ్బు రుద్దుకునేటప్పుడు మాత్రం తెలుస్తుంది.

ఎడమకాలికి చాలా ఏళ్ళ తర్వాత ఆర్‌ఎఫ్ చేశారు. అదే రోజు సాయంత్రం నడిచి ఇంటికొచ్చాను. ఒకటి రెండు చోట్ల కమిలింది, అంతే. మా మేనల్లుడికి పోయిన ఏడాది కొత్త రకం లేజర్ చేశారు, నా కుడికాలికి పడ్డ బాధ వాడికి ఏమీ లేదు. కాబట్టి లేజర్ అంటే చెడ్డదని నేను అనను. నా అనుభవం నీకు చెప్పాలనిపించింది. కాలు మాత్రం చచ్చుబడదు తల్లీ, మీ మామకి నా మాటగా చెప్పు.

విశాఖ సోనో:

శిరీష గారూ, నేను రేడియాలజిస్టుని. నా పనిలో ఎక్కువ భాగం కాళ్ళ సిరల స్కాన్లే. మీరు నరాలు అంటున్నవే సిరలు, రక్తాన్ని గుండెకు తీసుకెళ్ళే గొట్టాలు. ఈ చికిత్సలు జరిగేటప్పుడు స్కాన్ యంత్రం ప్రోబ్ పట్టుకుని పక్కన ఉంటాను, సిర చుట్టూ మందునీళ్ళు ఎక్కించేది చాలాసార్లు నేనే. మీ అమ్మగారికి చదివి వినిపిస్తానన్నారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

రక్తం ఎటు పోతుందన్న ప్రశ్నతో మొదలుపెడతాను, చాలామందిని ఆపేది అదే. కాలి నుంచి గుండెకు వెళ్ళే రక్తంలో సుమారు 90 శాతం కండరాల మధ్య లోతుగా ఉండే పెద్ద సిరల్లోంచే పోతుంది. గ్రేట్ సఫీనస్ చర్మం కింద ఉండే పక్కదారి. దానిలో కవాటాలు పాడైతే రక్తం పైకి పోవడం మాని, నిలబడ్డప్పుడల్లా కిందికి జారుతుంది. అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే జబ్బు అంటాం, మీ అమ్మగారిది 3 సెకన్లు. అంటే ఆ సిర ఇప్పుడు రక్తాన్ని గుండెకు చేర్చడం లేదు, చీలమండ మీద బరువు పెంచుతోంది. దాన్ని మూస్తే రక్తం సవ్యంగా ఉన్న దారులు పట్టుకుంటుంది. మీ రిపోర్టులో అన్నిటికన్నా ముఖ్యమైన మాట "డీప్ వెయిన్స్ నార్మల్". అది ఉంది కాబట్టే మూయొచ్చు.

ఇక వేడి సంగతి. సిర గోడకి మూడు పొరలు. లోపల రక్తాన్ని తాకే పల్చటి కణాల పొర, మధ్యలో కండర పొర, బయట పీచుపొర. గోడకి బిగువునిచ్చేది కొలాజెన్. 60 డిగ్రీలు దాటాక కొలాజెన్ పోగులు ముడుచుకుని పొట్టిగా, లావుగా అవుతాయి. గోడ మందమై, లోపలి దారి సన్నబడుతుంది. లోపలి పొర చచ్చిపోతుంది, మధ్య పొరలోని కణాలు కూడా. ఆ తర్వాత పని శరీరానిది. గాయం మానినట్టే లోపల పీచు పెరిగి, నెలల మీద సిర సన్నటి దారంలా మారుతుంది. ఏడాది పోయాక స్కాన్ చేస్తే చాలామందిలో దాన్ని వెతికి పట్టుకోవడమే నాకు కష్టం.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. వేడి తగలాల్సింది గోడకి. సిరలో ఉన్న రక్తానికి తగిలి, గోడకి చాలినంత తగలకపోతే, రక్తం గడ్డకట్టి దారి మూసుకున్నట్టు కనిపిస్తుంది. ఆ గడ్డ కరిగాక దారి మళ్ళీ తెరుచుకుంటుంది. గోడకి మరీ ఎక్కువ తగిలితే చిల్లు పడి రక్తం బయటికి వస్తుంది, తొడ కమిలేది అందుకే. ఆర్‌ఎఫ్‌కీ లేజర్‌కీ ఉన్న తేడా అంతా ఈ రెండింటి మధ్య ఎలా నిలుస్తాయన్న దాంట్లోనే ఉంది.

ఇప్పుడు వాడే ఆర్‌ఎఫ్ క్యాథెటర్‌లో (సిరలోకి పంపే సన్నటి గొట్టం) చివర 7 సెంటీమీటర్ల పొడవున వేడెక్కే చుట్ట ఉంటుంది. అది గోడకి ఆని ఉండగా 20 సెకన్ల పాటు 120 డిగ్రీల దగ్గర నిలబెడతారు. చుట్టలోనే ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉంది, దాన్నిబట్టి యంత్రమే కరెంటు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒక ముక్క అయ్యాక క్యాథెటర్‌ని ఆరున్నర సెంటీమీటర్లు వెనక్కి లాగి తర్వాతి ముక్క. గజ్జల దగ్గర మొదటి ముక్కకి రెండుసార్లు పెడతారు, ఒత్తిడి ఎక్కువ ఉండేది అక్కడే కాబట్టి. ఈ పద్ధతిలో చేసేవారి చేతివాటం మీద ఆధారపడేది తక్కువ. గోడకి చుట్ట ఆనిందా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి. పైనుంచి ప్రోబ్‌తో నొక్కుతాం, టేబుల్‌ని తల వైపు కిందికి వంచుతాం, సిరలో రక్తం ఖాళీ అయ్యేలా.

లేజర్‌లో వేడి కాంతి నుంచి పుడుతుంది. ఆ కాంతిని ఏది పీల్చుకుంటుందన్నది తరంగదైర్ఘ్యం మీద ఉంటుంది. 810, 940, 980 నానోమీటర్ల లేజర్లని ఎక్కువగా హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది, అంటే రక్తం. 1470, 1940 లేజర్లని నీరు పీల్చుకుంటుంది. సిర గోడలో నీరు బోలెడు. అందుకే 1470కి తక్కువ శక్తి సరిపోతుంది. పాత లేజర్లలో ఇంకో ఇబ్బంది ఉండేది. కాంతిని సిరలోకి తీసుకెళ్ళే సన్నటి తీగని ఫైబర్ అంటాం. దాని కొన తెరిచి ఉండేది, దాన్నే బేర్ ఫైబర్ అంటాం. కొన మీద రక్తం మాడి బొగ్గుపొర కట్టి, అక్కడ వేడి విపరీతంగా పెరిగిపోయేది. 2002లో మేకల సిరల మీద ఆర్‌ఎఫ్‌నీ 810 లేజర్‌నీ పోల్చి చూసిన ఒక ప్రయోగంలో లేజర్ కొన దగ్గర సగటున 700 డిగ్రీలు దాటింది. లేజర్ పెట్టిన సిరలన్నిటికీ చిల్లులు పడ్డాయి, ఆర్‌ఎఫ్ పెట్టినవాటికి పడలేదు. పైన టైలర్ గారు రాసిన వంకాయ రంగుకీ, లాగుడుకీ కారణం ఇదే.

ఇప్పటి రేడియల్ ఫైబర్ వేరు. దాని కొన గాజుతో మూసి ఉంటుంది. కాంతి ముందుకి పోకుండా పక్కలకి, చుట్టూరా వలయంలా పోతుంది. గోడ అంతటా సమంగా తగులుతుంది, ఒక్కచోట గుచ్చుకోదు. 1470 అని నంబరు మాత్రం చెప్పి ఊరుకుంటే సరిపోదు. 1470కి కూడా బేర్ ఫైబర్ తగిలించి వాడొచ్చు. ఫైబర్ రేడియలేనా అని మీరు అడగాలి.

లేజర్‌లో ఎంత వేడి పడిందన్నది ఫైబర్‌ని ఎంత వేగంగా వెనక్కి లాగారన్న దాని మీద ఉంటుంది. 7 వాట్లు పెట్టి సెంటీమీటరుకి 10 సెకన్ల చొప్పున లాగితే సెంటీమీటరుకి 70 జౌళ్ళు. అదే చేయి కాస్త తొందరపడి 5 సెకన్లకే లాగేస్తే 35, గోడ సగమే కాలుతుంది. చేతి అనుభవం ఉన్నవారి దగ్గర 1470 రేడియల్ చాలా మంచి చికిత్స, నేను కళ్ళారా చూస్తున్నాను. అనుభవం తక్కువైతే ఆర్‌ఎఫ్ కొంత కాపాడుతుంది. నా అభిప్రాయం ఇంతే.

అంకెలు కావాలంటే డెన్మార్క్ అధ్యయనం చెబుతాను, 2011లో వచ్చింది. 500 మందిని నాలుగు గుంపులు చేశారు: లేజర్, ఆర్‌ఎఫ్, ఫోమ్ ఇంజెక్షన్ (నురుగులాంటి మందు ఎక్కించి సిరని మూయడం), కోసి సిరను లాగేసే పాత ఆపరేషన్. మొదటి పది రోజుల సగటు నొప్పి, పదికి, లేజర్‌లో 2.58, ఆర్‌ఎఫ్‌లో 1.21. ఏడాది తర్వాత చికిత్స విఫలమైనవి లేజర్‌లో 5.8 శాతం, ఆర్‌ఎఫ్‌లో 4.8, ఆపరేషన్‌లోనూ 4.8, ఫోమ్‌లో 16.3. సిర మూసుకోవడంలో లేజర్‌కీ ఆర్‌ఎఫ్‌కీ లెక్కపెట్టదగ్గ తేడా లేదు, తేడా నొప్పిలోనే. ఆ లేజర్ బేర్ ఫైబర్ అన్నది మరచిపోవద్దు. రేడియల్ వచ్చాక నొప్పిలో తేడా కూడా బాగా తగ్గింది. బ్రిటన్‌లో 2013 నుంచీ మార్గదర్శకాల్లో వేడితో మూసే చికిత్సే మొదటి మెట్టు, ఆర్‌ఎఫ్ అయినా లేజర్ అయినా. అది కుదరకపోతే ఫోమ్, అదీ కుదరకపోతే ఆపరేషన్.

ఇప్పుడు కండ, చర్మం. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే, పేషెంట్లకి ఎవరూ చెప్పనిదీ ఇదే. యంత్రం ఆన్ చేసేముందు సిర పొడవునా, స్కాన్‌లో చూస్తూ, సన్నటి సూదితో మందునీళ్ళు ఎక్కిస్తాం. ట్యూమసెంట్ అంటారు. చల్లటి సెలైన్‌లో పలచగా కలిపిన లిగ్నోకెయిన్, కొద్దిగా అడ్రినలిన్, కొద్దిగా సోడా బైకార్బ్. గ్రేట్ సఫీనస్ తొడలో రెండు పీచుపొరల మధ్య ఒక అరలో ఉంటుంది. మందునీళ్ళు ఆ అరని నింపుతాయి. స్కాన్‌లో చూస్తే నల్లటి నీటి వలయం మధ్యలో సిర తెల్లటి చుక్కలా నలిగి కనిపిస్తుంది. ఆ బొమ్మ వచ్చేదాకా నేను మొదలుపెట్టనివ్వను. ఆ నీళ్ళు తిమ్మిరి ఎక్కిస్తాయి, సిరని పిండి క్యాథెటర్‌కి అదుముతాయి, బయటికి వచ్చే వేడిని పీల్చుకుంటాయి. చర్మానికీ సిరకీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు దూరం తెస్తాం. సన్నగా ఉన్నవాళ్ళలో సిర చర్మానికి మరీ దగ్గరగా ఉంటుంది, ఈ నీళ్ళు చాలకపోతే చర్మం కాలొచ్చు. మీరు అడిగిన కండ ఆ కింది పీచుపొరకి ఇంకా లోపల ఉంటుంది. సిర గోడ దగ్గర 120 డిగ్రీలున్నా ఆ నీళ్ళు దాటి కండ దాకా వేడి పోదు. "ఏం కాదమ్మా" అన్న మాట నిజమే. ఆ నీళ్ళు సరిగ్గా ఎక్కించినప్పుడు నిజం.

మీ మామయ్య గారి భయానికి జవాబు. కాలిని కదిలించే పెద్ద నాడులు తొడలో ఈ సిరకి దరిదాపుల్లో లేవు. మోకాలి కింద మాత్రం సఫీనస్ నాడి ఈ సిరని అంటిపెట్టుకునే చీలమండకి దిగుతుంది. అది స్పర్శ నాడి. దానికి వేడి తగిలితే లోపలి వైపు మొద్దుబారుతుంది, కదలిక పోదు. టైలర్ గారికి జరిగింది అదే. అందుకే ఇప్పుడు చాలామందిమి మోకాలి కింద కొద్ది దూరంలోనే ఆపేస్తాం. అక్కణ్ణుంచి కింది మెలికలకి ఫోమ్ గానీ, చిన్న గాట్లు పెట్టి తీయడం గానీ. మీ రిపోర్టులో రిఫ్లక్స్ మోకాలి కింద దాకా ఉంది కనుక, ఎక్కడ ఆపుతారు, కింది భాగానికి ఏం చేస్తారు అని ఇద్దరు డాక్టర్లనీ అడగండి.

చివరిది, ఆలస్యం చేయొద్దు. చర్మం నల్లబడి, గట్టిపడి, నీరు కారుతోందంటే పుండుకి ముందు మెట్టు మీద ఉన్నట్టు. పుండు పడ్డవాళ్ళలో సిరని త్వరగా మూస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో 450 మందిలో చూశారు, 2018లో వచ్చింది. త్వరగా మూసినవాళ్ళలో సగం మందికి పుండు మానడానికి 56 రోజులు, వాయిదా వేసినవాళ్ళకి 82. పుండు పడకముందే చేయిస్తే ఆ రోజుల లెక్కే అక్కర్లేదు.

కాకినాడ పాథాలజీ:

సోనో మేడం చెప్పినదానికి ఒక్క విషయం కలుపుతాను, నేను స్లైడు కింద చూసేవాణ్ణి కాబట్టి.

మ్యూనిక్‌లో గొడ్డు కాళ్ళ సిరలు తీసుకుని, శరీరం బయట, ఆర్‌ఎఫ్‌నీ బేర్ ఫైబర్ లేజర్‌నీ పోల్చి చూశారు. ఆర్‌ఎఫ్ పెట్టిన ముక్కని అడ్డంగా కోస్తే దెబ్బ చుట్టూరా ఒకే తీరుగా ఉంది. లోపలి పొర లేదు, మధ్య పొర అమరిక చెదిరిపోయింది. లేజర్ ముక్కలో ఫైబర్ ఆనిన వైపు గోడ పూర్తిగా తినేసినట్టు, కొన్నిచోట్ల చిల్లు. ఎదుటి వైపు గోడ మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. నా దృష్టిలో చిల్లు కంటే ఆ చెదరని వైపే ఎక్కువ సమస్య. చిల్లు మానిపోతుంది. మధ్య పొరలో కండర కణాలు బతికుంటే అక్కణ్ణుంచి గోడ తిరిగి కోలుకునే వీలుంది, కొన్ని సిరలు మళ్ళీ తెరుచుకోవడానికి అదొక దారి. రేడియల్ ఫైబర్ తయారుచేసింది ఈ అసమానత పోవడానికే.

శిరీష గారూ, ఇంకొకటి. చీలమండ మీది ఆ నలుపు ఎర్రరక్తకణాలు సిరల్లోంచి చర్మంలోకి చేరి, విరిగి, వదిలిన ఇనుము. సిర మూశాక దురద, వాపు, నీరు కారడం తగ్గుతాయి. నలుపు చాలావరకు ఉండిపోతుంది, పలచబడినా ఏళ్ళు పడుతుంది. అది చూసి చికిత్స పనిచేయలేదని అమ్మగారు దిగులుపడకుండా ముందే చెప్పండి.

శిరీష, తెనాలి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి అమ్మకి మొత్తం చదివి వినిపించాను. మందునీళ్ళ సంగతి రెండుసార్లు చదివించుకుంది. మామయ్యకి ఫోన్ చేసి తనే చెప్పింది, "కాలు కదిలించే నరం అది కాదంట్రా" అని.

రెండు చోట్లకీ ఫోన్ చేసి అడిగాను. విజయవాడలో ఫైబర్ రేడియలే అన్నారు. మోకాలి కింద నాలుగు వేళ్ళ దూరంలో ఆపుతాం, కిందికి ఫోమ్ అన్నారు. కానీ ఆ రోజు స్కాన్ పట్టుకునేది ఎవరని అడిగితే సరిగ్గా చెప్పలేదు. గుంటూరు డాక్టర్ గారు స్కాన్ తనే చేసుకుంటారట. మందునీళ్ళు ఎంత ఎక్కిస్తారో, ఎందుకో కూడా చెప్పారు. అక్కడ ఖర్చు ఎక్కువ రావడానికి క్యాథెటర్ ధరే కారణం అన్నారు. మాకు మనసు గుంటూరు వైపే ఉంది.

మేడం, ఇంకో మూడు అడుగుతాను. ఆవిరితోనూ, జిగురుతోనూ చేస్తారని ఎక్కడో చదివాను, అవి ఇంతకంటే మేలా? తొడలో రక్తం గడ్డ కట్టి గుండెకి పోతుందంటారు, నిజమా? అమ్మ మళ్ళీ పెనం దగ్గరికి ఎప్పుడు వెళ్ళొచ్చు? అమ్మకి షుగర్ ఉంది, పదేళ్ళ నుంచి మాత్రలు. మొదటిసారి రాయడం మర్చిపోయాను.

విశాఖ సోనో:

షుగర్ సంగతి చెప్పి మంచి పని చేశారు, దానితోనే మొదలుపెడతాను. చికిత్స తర్వాత కంప్రెషన్ స్టాకింగ్స్ వేస్తారు. పదేళ్ళ షుగర్‌లో పాదానికి రక్తం తెచ్చే ధమనులు సన్నబడి ఉండొచ్చు. అలాంటి కాలికి బిగువైన స్టాకింగ్ వేస్తే పాదానికే ముప్పు. చీలమండ దగ్గరా చేతి దగ్గరా బీపీ కొలిచి పోల్చే పరీక్ష ఉంది, ఏబీఐ అంటారు, నొప్పి లేదు. అది చేయకుండా స్టాకింగ్ వేయనివ్వకండి. చికిత్స రోజు పొద్దున ఏం తినాలి, ఏ మాత్ర ఆపాలి అన్నది మీ డాక్టర్ గారి నోటే వినండి. పాదం మీద పగుళ్ళు, వేళ్ళ మధ్య ఒరుపులు ఉంటే ముందు అవి మాననివ్వండి.

ఆవిరి పద్ధతి ఉంది. సన్నటి గొట్టంలోంచి 120 డిగ్రీల ఆవిరిని విడతలు విడతలుగా వదులుతారు. గొట్టం బాగా వంగుతుంది కాబట్టి మెలికల్లోకి పోగలదు. చైనాలో మైక్రోవేవ్‌తోనూ చేస్తున్నారు. గోడలో జరిగేది అదే, కొలాజెన్ ముడుచుకుని పీచుగా మారడం. తేడా వేడిని తెచ్చే దారిలో ఉంది. మీ అమ్మగారి సిర తొడలో తిన్నగా, 9 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంది కాబట్టి ఆర్‌ఎఫ్‌కీ లేజర్‌కీ చక్కగా అందుతుంది, ఆవిరి కోసం వెతకక్కర్లేదు. జిగురులో వేడి లేదు, మందునీళ్ళూ అక్కర్లేదు, నాడికి కాలే భయమూ లేదు. కానీ ఆ జిగురు ఒంట్లోనే ఉండిపోతుంది, కొందరికి దాని మీద చర్మం ఎర్రబడి ఎలర్జీలా వస్తుంది, ఖరీదు కూడా ఎక్కువ. సూదులు తట్టుకోలేనివాళ్ళకీ, మోకాలి కిందా నేను దాని గురించి ఆలోచిస్తాను. మీకు అవసరం కనిపించడం లేదు.

గడ్డ సంగతి నిజమే, అరుదు, కానీ నిజం. సిర మూసిన చోట గడ్డ ఉండటం మామూలే. అది గజ్జల దగ్గర జంక్షన్ దాటి లోతు సిరలోకి పొడుచుకొస్తే దాన్ని ఈహెచ్‌ఐటీ అంటాం, నాలుగు స్థాయిలుగా చూస్తాం. మొదటి స్థాయి అంచు దాకా వచ్చి ఆగినది, దానికి ఏమీ చేయక్కర్లేదు. లోతు సిరలో సగానికి పైగా ఆక్రమిస్తే రక్తం పలచబడే మందు ఇస్తాం, తరచూ స్కాన్ చేస్తాం. ఇది రాకుండా ఉండటానికే వేడి మొదలుపెట్టేది జంక్షన్‌కి 2 సెంటీమీటర్లు కింద. ఆ 2 సెంటీమీటర్లు స్కాన్‌లో కొలవాలి, కళ్ళతో అంచనా వేయకూడదు. స్కాన్ ఎవరు పట్టుకుంటారని మీరు అడగడం ఎంత మంచి ప్రశ్నో ఇప్పుడు తెలుస్తుంది. చికిత్స అయిన వారం లోపల ఒక స్కాన్ తప్పకుండా చేయించండి. కాలు హఠాత్తుగా బిగుసుకుని వాచినా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా వారం దాకా ఆగకండి, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి.

క్యాథెటర్ ఒక్క మనిషికి ఒక్కసారి వాడేందుకు తయారైనది. మీరు కడుతున్న ఖరీదులో ఎక్కువ భాగం దానికే. సీలున్న పెట్టెని మీ ముందు విప్పమని అడగండి, మీద ఉన్న స్టిక్కర్‌ని కేసు షీటులో అంటించమనండి. సరైన డాక్టర్ ఎవరూ దానికి నొచ్చుకోరు.

పెనం దగ్గరికి. ఆ రోజే నడవాలి, గంటకోసారి అయినా లేచి నడిపించండి, మంచానికి అంటిపెట్టుకోనివ్వకండి. ఇంటి పనులు మర్నాటి నుంచీ చేసుకోవచ్చు. డెన్మార్క్‌లో ఆర్‌ఎఫ్ చేయించుకున్నవాళ్ళు సగటున మూడు రోజుల్లో పనిలోకి వెళ్ళారు, కానీ వాళ్ళెవరూ ఏడు గంటలు ఒకేచోట నిలబడే పని చేసేవాళ్ళని నేను అనుకోను. వారం స్కాన్ బాగుందని తేలాక, మొదట పూటకి రెండు గంటలు, మధ్యలో పెనం ఇంకొకరికి అప్పగించి కూర్చునేలా చూడండి. నిలబడ్డప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండమనండి. పిక్క కండ బిగిసినప్పుడల్లా లోతు సిరల్లో రక్తం పైకి తోసుకుపోతుంది, ఇప్పుడు ఆ కాలికి ఉన్న దారి అదే. పెనం పక్కన ఎత్తు స్టూలు ఒకటి చేయించండి, అట్టు తిరగేసే ఎత్తుకి సరిపోయేలా.

కుడికాలు కూడా స్కాన్ చేయించారా? ఇన్నేళ్ళు నిలబడ్డవి రెండు కాళ్ళూ.

శిరీష, తెనాలి:

కుడికాలు చేయించలేదు మేడం. వచ్చే మంగళవారం గుంటూరు వెళ్తున్నాం. రెండు కాళ్ళకీ డాప్లర్, ఏబీఐ, షుగర్ పరీక్ష అన్నీ ఆ రోజే పెట్టించాను. రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాస్తాను.